నున్నటి గాజు మీద సున్నా

హాల్లో అందరి కళ్లూ బోర్డు మీద ఉంటే, లెక్కల టీచర్ కళ్లు మాత్రం తలుపు మీద ఉన్నాయి.

బోర్డంటే మామూలు నల్లబోర్డు కాదు. గోడలో సగం ఆక్రమించిన నిగనిగలాడే గాజుపలక. వేలు పెడితే వెలుగుతుంది, పెన్నుతో గీస్తే గీత పడుతుంది, అరచేత్తో రుద్దితే చెరిగిపోతుంది. సెలవులు అయ్యేసరికి ప్రతి తరగతిలోనూ ఇవే వస్తాయట, నల్లబోర్డులు పీకేస్తారట. దీన్ని వాడటం నేర్పడానికి కంపెనీవాళ్లు ఒక ట్రైనర్ పిల్లని పంపారు. ఆ పిల్ల నడక టకటక, మాట టకటక, బోర్డు మీద వేళ్లు టకటక. వచ్చిన పూటే స్టాఫ్‌రూమ్‌లో ఆమెకి టకటక అనే పేరు స్థిరపడిపోయింది.

"నెక్స్ట్ ఎవరొస్తారు? మేడమ్, మీరే! వెనకాల, స్తంభం పక్కన! మీది లెక్కలు కదా? రండి మేడమ్, ఒక వృత్తం గీయండి. దాన్ని నేనెలా తిప్పుతానో, ఎలా ముక్కలు కోస్తానో చూద్దురుగాని."

లెక్కల టీచర్ మొహాన నవ్వు పులుముకుంది.

"నాకివన్నీ ఎక్కడొస్తాయమ్మా! మా ఇంట్లో టీవీ రిమోట్ ముట్టుకోవాలన్నా మా అమ్మ పర్మిషన్ కావాలి నాకు."

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది పక్కనే కూర్చున్న సోషల్ టీచర్. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే బెంచీ మీద టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నవాళ్లు.

"ఈవిడ మాటలు నమ్మకండి ట్రైనర్ గారూ! అక్క ఉత్త చేత్తో సున్నా చుడితే కంపాస్ వెళ్లి పెట్టెలో దాక్కోవాలి. పిల్లలు సున్నా టీచర్ అంటారు ఈవిణ్ని. లే అక్కా, ఎందుకా సిగ్గు, పెళ్లిచూపులా ఏమన్నా?"

"నువ్వెళ్లవే తల్లీ, నా వంతు కూడా నువ్వే గీసెయ్" అంటూ లెక్కల టీచర్ కుడి చేతిని ఒళ్లోని సంచీ కిందికి తోసేసింది.

సోషల్ టీచర్ చెప్పింది నిజమే. సుద్దముక్క పట్టుకుని, భుజం నుంచి ఒకే ఒక్క ఊపు ఊపితే చాలు, సున్నా మొదలైనచోటికే వచ్చి అతుక్కునేది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. వెనక బెంచీల్లో ఎవడో ఒకడు "ఇంకోసారి టీచర్!" అని అరిచేవాడు, ఆమె ఇంకోటి చుట్టేది. లెక్కలంటే ఆమడ దూరం పారిపోయే పిల్లలు కూడా ఆ ఒక్క సున్నా కోసం బోర్డు వైపు చూసేవాళ్లు. అలా చూసినప్పుడే పట్టుకుని పాఠంలోకి లాగేసేది ఆమె.

కానీ ఈ మధ్య ఆ చెయ్యి ఆమె మాట వినడం లేదు. కప్పు ఎత్తబోతే, తాళంచెవి తాళంలో పెట్టబోతే, సూదిలో దారం ఎక్కించబోతే వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. తరగతిలో మాత్రం ఇంకా ఎవరికీ దొరకలేదు. దానికి కారణం సుద్దముక్కే. గరుకు బోర్డు మీద సుద్దని నొక్కిపట్టి లాగుతుంటే ఆ రాపిడే చేతిని పట్టి ఉంచుతుంది. గోడ పట్టుకుని నడిచినట్టు. గాజు మీద పట్టుకోవడానికేం ఉంది? ట్రైనింగ్ మొదటిరోజు అందరితోపాటు సరదాగా తనూ ఒక గీత గీసింది. గీత కాదది, రంపం పళ్లు. ఎవరూ చూడకముందే అరచేత్తో రుద్దేసి వచ్చి స్తంభం పక్కన కూర్చుంది. అప్పట్నుంచీ అక్కడే.

టెక్నాలజీ అంటే భయమనుకుంటున్నారు అందరూ. అనుకోనీ! చేతకానిదాన్ని అనిపించుకోవచ్చు. చెయ్యి పడిపోతున్నదాన్ని అనిపించుకుంటే ఇంకేం మిగులుతుంది?

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ సార్ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, చాలా మెత్తగా చెప్పారు. "శుక్రవారం ప్రతి ఒక్కరూ ఈ బోర్డు మీద ఒక చిన్న పాఠం చెప్పాలండీ. నేను కూడా కూర్చుంటాను. కంగారుపడాల్సిన పని లేదు. అలవాటు పడలేనివాళ్లని మనం ఇబ్బంది పెట్టం. వచ్చే ఏడాది హాజరు పుస్తకమో, లైబ్రరీయో, పరీక్ష పేపర్ల పనో చూసుకుందురుగాని. హాయిగా ఉంటుంది."

ఆ 'హాయిగా' అన్న మాట దగ్గరే ఆగిపోయింది లెక్కల టీచర్. తరగతి లేకుండా హాయిగా! ఆయన గదమాయించి ఉంటే ఎదురు చెప్పేదేమో. ఇంత మర్యాదగా మాట్లాడే మనిషికి ఏం చెప్తాం?

*

ఇంట్లో ఆమె, తల్లి, ఇద్దరే. తల్లికి చూపు బాగా మందగించింది, మనుషుల్ని మొహాలతో కాకుండా చప్పుళ్లతో గుర్తుపడుతుంది. మెట్ల మీద అడుగులు విని ఎవరొచ్చారో చెప్పేస్తుంది, కుక్కర్ కూత విని నీళ్లు తక్కువయ్యాయని చెప్పేస్తుంది. ఆవిడ చెవుల నుంచి ఏదీ దాచలేం.

అందుకే లెక్కల టీచర్ ఇంట్లో కప్పులూ సాసర్లూ తీసి పై అరలో పెట్టేసింది. ఇప్పుడు టీ స్టీలు గ్లాసుల్లోనే, అదీ సగం వరకే.

"ఏమే, ఈ మధ్య సాసర్లు వాడటం మానేశావు?" తల్లి గ్లాసు అందుకుంటూ అడిగింది.

"కడగలేక చస్తున్నానమ్మా. ఎన్నని తోమను?"

"ఉన్నది ఇద్దరం. రెండు సాసర్లు కడగడానికి ఒళ్లు వంగడం లేదా నీకు?"

"వంగడం లేదు. నువ్వొచ్చి కడుగు."

"కళ్లు కనపడితే నిన్నడిగేదాన్నా?" తల్లి టీ ఊదుకుంది. తర్వాత మామూలుగా, ఏ కూరగాయల ధరో చెప్తున్నట్టు అంది. "మీ నాన్నగారి సంగతి నాకు సాసరే చెప్పింది. ఆయన చెప్పలేదు. పొద్దున్నే కప్పు పట్టుకుని వస్తుంటే గలగలమనేది."

లెక్కల టీచర్ చప్పుడు కాకుండా తన గ్లాసు కింద పెట్టింది.

నాన్న గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, చీమ తలకాయంత మరని పట్టకారుతో ఎత్తి గుంటలో పెట్టేవాడు. ఒకరోజు మర జారి నేలమీద పడింది. కళ్లద్దాలు పాతబడ్డాయన్నాడు. కొత్తవి చేయించుకున్నాడు. మళ్లీ జారింది. ఈ అద్దాలు కుదరలేదన్నాడు, ఇంకోటి చేయించుకున్నాడు. చివరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి ఆయన తన చొక్కా గుండీ తను పెట్టుకోలేకపోతున్నాడు. ఇంకాస్త ముందు తీసుకురావాల్సింది కదమ్మా, అన్నాడట డాక్టరు. ఆ ముక్క తల్లి ఇప్పటికీ ఎవరితోనూ సగం కంటే ఎక్కువ చెప్పదు. 'ఇంకాస్త ముందు' వరకు వచ్చి ఆగిపోతుంది. ఆయన పోయాక సొరుగు లాగితే లోపల అన్నీ కళ్లజోళ్లే, డబ్బాల్లో వరసగా పడుకుని.

"సాసర్లు తీస్తాలే అమ్మా, రేపు" అంది లెక్కల టీచర్, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని.

తీయలేదు.

*

మర్నాడు భోజనాల వేళ అందరూ స్టాఫ్‌రూమ్‌లో ఉండగా, తలనొప్పిగా ఉందని చెప్పి ఆమె హాల్లోకి జారుకుంది. తలుపు మూసింది. గడియ పెట్టబోయి, పెడితే అనుమానం వస్తుందని పెట్టలేదు. బోర్డు ముట్టుకోగానే తెల్లగా వెలిగింది. ఆ వెలుగులో తన నీడ కూడా లేదు, ఎక్కడా దాక్కోవడానికి లేదు.

పెన్ను తీసుకుని సున్నా మొదలుపెట్టింది. సగం తిరిగేసరికి చెయ్యి అదిరింది, గీత అదిరింది. బోర్డు ఆ అదురుని పూసగుచ్చినట్టు రాసిపెట్టింది. ఇంకోటి గీసింది. పెన్ను గాజుకి ఆనకుండా ఒక్క క్షణం లేచి మళ్లీ ఆనేసరికి, రెండుసార్లు తట్టారనుకుని బోర్డు ఏదో రంగుల పెట్టె తెరిచింది. మూసింది. మళ్లీ తెరుచుకుంది. "ఛీ, నీ మొహం మండ!" అని బోర్డుని తిట్టింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని గీసింది. గోడకి భుజం ఆనించి గీసింది. ఊపిరి బిగబట్టి గీసింది, నాన్నలాగా, ఆ సంగతి తనకే స్ఫురించి పెన్ను జారిపోయినంత పనైంది. గీసిన కొద్దీ చెయ్యి ఇంకా వణికింది, వణికిన కొద్దీ భయం, భయపడిన కొద్దీ ఇంకా వణుకు. బోర్డు నిండా ఎండిపోయిన ఆకుల్లా, కొరికి పారేసిన రొట్టెల్లా సున్నాలే సున్నాలు. వాటిలో ఒక్కటీ మూసుకోలేదు.

కారిడార్లో చెప్పుల చప్పుడు!

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. అరచేతిని గాజుకి ఆనించి అటూ ఇటూ, పైకీ కిందికీ రుద్దేసింది. బోర్డు తెల్లబడింది. మూలల్లో ఎక్కడైనా మిగిలిందేమోనని మరోసారి చూసుకుంది. ఏమీ లేదు. చెప్పులు హాలు దాటి వెళ్లిపోయాయి. ఆమె కుర్చీలో కూలబడి, హమ్మయ్య, పోయింది, అనుకుంది.

నల్లబోర్డు దగ్గర బతికినవాళ్లెవరైనా అలాగే అనుకుంటారు. డస్టర్ పడితే పోయినట్టే. ఒక్క గంటలో ఎంత తప్పు రాసినా బెల్లు కొట్టేసరికి పొడైపోతుంది, చొక్కా దులుపుకుంటే ఆఖరి ఆనవాలు కూడా ఉండదు.

*

శుక్రవారం. ప్రిన్సిపాల్ సార్ ముందు వరసలో కూర్చున్నారు. మొదట సోషల్ టీచర్ వెళ్లి మ్యాప్ తెరిచింది, దాన్ని పెద్దది చేయబోయి ఒక సముద్రంలోకి వెళ్లిపోయింది, ఎంత లాగినా బయటికి రాలేదు. బోర్డంతా నీలం.

"పిల్లలూ, ఇవాళ మనం చేపలం" అంది సోషల్ టీచర్. ప్రిన్సిపాల్ సార్‌తో సహా అందరూ నవ్వారు. లెక్కల టీచర్ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

టకటక వచ్చి సముద్రం మూసేసింది. "ఏం పర్లేదు మేడమ్! ఇదే మంచి టైమ్, మీకో మ్యాజిక్ చూపిస్తా. ఈ బోర్డు ఏదీ మర్చిపోదు! మీరు చెరిపేసినా సరే, గీసిందంతా గీసినట్టే లోపల దాచుకుంటుంది. పాఠం అయ్యాక వెనక్కి తిప్పి, పిల్లలకి మొదట్నుంచీ ఆడించి చూపించొచ్చు. ఏదైనా ఒకటి తీద్దాం... ఇదిగో, ఇది ఎవరిదో, పేరు పెట్టలేదు."

లెక్కల టీచర్‌కి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి తెల్లటి బోర్డు మీద ఒక నల్లటి చుక్క పుట్టింది, కదిలింది, వణుకుతూ వంపు తిరగడం మొదలుపెట్టింది. పెన్ను లేదు, చెయ్యి లేదు, మనిషి లేదు. ఆ వణుకు ఒక్కటే, గోడంత పెద్దదై, అందరి ముందూ తనంతట తను నడుస్తోంది. ఒక సున్నా. ఇంకో సున్నా. రంగుల పెట్టె తెరుచుకుంది, మూసుకుంది, తెరుచుకుంది.

"ఇదేంటి, బోర్డుకి చలిజ్వరం వచ్చిందా?" అన్నాడు ఆటల మాస్టారు. మళ్లీ గొల్లుమన్నారు.

"భూకంపంలో లెక్కలు చెప్పినట్టుంది" అన్నారెవరో.

సంచీ కింద లెక్కల టీచర్ చెయ్యి, ఆ బోర్డు మీది గీతతో మాట్లాడుకున్నట్టు, అదే తాళంలో అదురుతోంది.

ప్రిన్సిపాల్ సార్ నవ్వలేదు. "ఏమ్మా, కొత్త బోర్డు ఇలా గీస్తోందేంటి? పాడైపోయిన సరుకు అంటగట్టారా మీ కంపెనీవాళ్లు?"

టకటక మొహం పాలిపోయింది. "లేదు సార్! బోర్డు బాగానే ఉంది సార్. ఎవరో ప్రాక్టీస్ చేసినట్టున్నారు..."

"మనవాళ్లెవరూ ఇలా గీయరమ్మా. సరే, ఇప్పుడే తేల్చేద్దాం. అందరూ వరసగా వచ్చి తలా ఒక సున్నా చుట్టండి. తప్పు బోర్డుదో కాదో తెలిసిపోతుంది."

ఆయన ఉద్దేశం బోర్డుని పరీక్షించడమే. కానీ కుర్చీలు జరుగుతుంటే, ఒక్కొక్కరే లేచి వెళ్తుంటే, లెక్కల టీచర్‌కి తనని వెతుక్కుంటూ ఇల్లిల్లూ తలుపు తట్టుకుంటూ వస్తున్నట్టే ఉంది. ఆటల మాస్టారు చుట్టాడు, కోడిగుడ్డులా వచ్చింది, కానీ నున్నగా. సైన్సు టీచర్ చుట్టింది, నున్నగా. సోషల్ టీచర్ చుట్టి, కళ్లూ మూతీ పెట్టి వచ్చింది. అవి ఎంత నున్నగా వస్తే అంత దగ్గరికి వచ్చేస్తోంది తన వంతు.

"ఇక అక్క వెళ్తే బోర్డు పరువు నిలబడుతుంది!" సోషల్ టీచర్ ఆమె భుజం పట్టి లేపింది. "వెళ్లక్కా, మా కోడిగుడ్లు చూశావుగా!"

నడిచింది. ఎలా నడిచిందో తెలియదు. బోర్డు వెలుగు మొహాన కొట్టింది. టకటక పెన్ను అందించింది, అందిస్తూ ఆ వేళ్లు చూసింది. ఆ పిల్ల కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. వెంటనే బోర్డు సరిచేస్తున్నట్టు పక్కకి ఒరిగి, పెదవులు కదపకుండా గుసగుసలాడింది.

"మేడమ్, మూలన ఒక బటన్ ఉంది. నొక్కితే గీత దానంతటదే నున్నగా అయిపోతుంది. ఎవరికీ తెలీదు. నొక్కేశాను. గీయండి."

లెక్కల టీచర్ గీసింది. చెయ్యి వణికింది. వణకడం ఆమెకి భుజం దాకా తెలుస్తోంది. బోర్డు మీద మాత్రం ఆ వణుకు పడీపడకముందే కరిగిపోయి, చక్కటి, నిండైన సున్నా ఒకటి మొదలైనచోటికే వచ్చి అతుక్కుంది.

చప్పట్లు. "అదీ!" అని అరిచింది సోషల్ టీచర్. ప్రిన్సిపాల్ సార్ తల పంకించారు.

బతికిపోయాను, అనుకోవాలి నిజానికి. అనుకోబోయింది కూడా. కానీ ఆ సున్నాని చూస్తుంటే, ఇంతసేపటి భయం ఏ మూలకీ చాలనంత కొత్త భయం ఒకటి పట్టుకుంది. ఇది తన సున్నా కాదు. రేపు చెయ్యి ఇంకాస్త అదిరినా ఇలాగే వస్తుంది. ఆ తర్వాత పెన్ను పట్టుకోవడమే కష్టమైనా ఇలాగే వస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, తనూ నమ్మేస్తుంది. ఎంతవరకు వచ్చిందో ఎవరికీ తెలియదు, తనకి కూడా. సొరుగు నిండా కళ్లజోళ్లు, డబ్బాల్లో వరసగా.

"ఆ బటన్ తీసెయ్యమ్మా" అంది.

"మేడమ్..." టకటక ప్రిన్సిపాల్ సార్ వైపు చూసింది.

"తీసెయ్. నీ బోర్డు మంచిదే, నీకు మాట రానివ్వను."

టకటక మూల మీద తట్టింది. లెక్కల టీచర్ ఆ చక్కటి సున్నా పక్కనే ఇంకోటి చుట్టింది. నెమ్మదిగా, దాచకుండా, ఎడమ చెయ్యి సాయం పెట్టకుండా. రంపం పళ్ల సున్నా. మూసుకోలేదు.

ఆటల మాస్టారు తల దించుకున్నాడు. సోషల్ టీచర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇందాకటివి కూడా నావే సార్" అంది లెక్కల టీచర్. "బోర్డు బాగానే ఉంది." టకటక వైపు తిరిగింది. "అది చెరపకమ్మా, ఆ దాచుకున్నది. నా ఫోనుకి పంపిస్తావా? డాక్టరుకి చూపించాలి."

ప్రిన్సిపాల్ సార్ కుర్చీలోంచి లేచారు. "సోమవారం ఒకసారి నా గదికి రండి టీచర్ గారూ. మాట్లాడుకుందాం." అదే మెత్తటి గొంతు. అందులో ఏముందో వెతికి చూసింది ఆమె. దొరకలేదు.

కారిడార్లో సోషల్ టీచర్ పరిగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టేసుకుంది. కుడి చెయ్యే. "రోజూ పక్కన కూర్చుని తింటున్నాను కదక్కా, నాకు చెప్పడానికేం? డబ్బా మూత నన్ను తీయమంటే బద్ధకమనుకున్నాను. రేపు నేనొస్తున్నా డాక్టరు దగ్గరికి. రావద్దంటే చంపుతా."

"రా" అంది లెక్కల టీచర్.

చేతిలో ఫోను కదిలింది. మెసేజ్ వచ్చిందో, చెయ్యే కదిలిందో తెలియక ఆమె తెర వైపు చూసింది. వచ్చింది.

ఇంటికి వెళ్లి స్టూలు వేసుకుని పై అరలోంచి ఒక కప్పూ సాసరూ దింపింది. దుమ్ము కడిగి, నిండా టీ పోసింది. వంటింట్లోంచి తల్లి కుర్చీ దాకా నాలుగు అడుగులు కూడా లేవు. ఆ దారంతా కప్పు గలగలమంటూనే ఉంది, టీ ఒలికి వేళ్లు కాలుతున్నా ఆమె రెండో చెయ్యి వెయ్యలేదు.

తల్లి తల ఎత్తింది. చాలాసేపు వింది. కప్పు కోసం చాచిన చెయ్యి కప్పుని వదిలేసి, కూతురి మణికట్టుని వెతుక్కుని పట్టుకుంది.

"ఎన్నాళ్లయిందే?" అంది.